మెట్టెక్కిన గునపం

నవంబరు 2, ఆదివారం

ఇది ప్రింటుకు కాదు. ప్రింటుకు వెళ్లాల్సింది ఫోటోతో సహా సాయంత్రమే వెళ్లిపోయింది. ఇక్కడ రాస్తున్నది నా సంతోషం కోసం. యాభై రెండేళ్లొచ్చాయి. ఒక్కరోజు సంతోషపడే హక్కు కూడా లేదా నాకు?

ఈరోజు బోడమ్మమెట్ట మీదికి ఇనుము ఎక్కించాను. నా భుజం మీద, గునపం.

ఈతలపాలెం జనం తాతల కాలం నుంచి ఇనుప ముక్క పట్టుకుని ఆ మెట్ట ఎక్కరు. సీతాఫలాలకు వెళ్లే ఆడవాళ్లు కొడవళ్లు కింద బండ దగ్గర పెట్టేస్తారు, పిన్నీసులతో సహా. మగవాళ్లు బండి తాళాలు తీసి బండ మీద పెడతారు. సెల్‌ఫోను మాత్రం జేబులోనే. అందులో ఇనుము లేదని ఏ పెద్దమనిషి తేల్చాడో! పైన తల లేని రాతి బొమ్మ. దానికి పసుపు, ఎర్రచీర, బోడమ్మ అని పేరు. పూర్వం ఎవడో గునపంతో తల తీశాడట, అప్పట్నుంచి తల్లికి ఇనుమంటే పడదట. అయ్యా, అది తల్లి కాదు, బుద్ధుడు. చీర తొలగించి చూస్తే భుజం మీద వస్త్రపు మడతలు గుడ్డివాడి వేళ్లకు కూడా తెలుస్తాయి. చీర తొలగించనిస్తేగా!

మెట్ట తూర్పు వాలు మీద క్వారీకి లీజు ఉంది. మూడేళ్లయినా ఒక్క రాయి తియ్యలేదు వాళ్లు. మా మెట్ట పరిరక్షణ సమితి వేసిన కరపత్రాలకు భయపడి. సమితి అంటే ఏడుగురం. ఆరుగురం నర్సీపట్నంలో ఫ్యాన్ల కింద కూర్చునేవాళ్లం, ఒక్క మంగరాజు మాత్రం మెట్ట కింద జీడితోట ఉన్న రైతు. మొన్న ఆగస్టులో పురావస్తు శాఖ ఆఫీసరు వచ్చి, "పైకి కట్టడం ఏదీ కనబడటం లేదండీ, కనబడితే నోటిఫికేషనుకు రాస్తాను" అన్నాడు. కనబడాలా? కనబరిచాను. జానెడు లోతు తవ్వేసరికి ఇటుకల వరస. ఒక్కో ఇటుక మూరెడు.

ఊరంతా కింద నిలబడి చూసింది. గునపం దిగిన ప్రతిసారీ ఆడవాళ్లు "తల్లీ" అన్నారు. ఏం జరిగింది? పిడుగు పడిందా? కళ్లు పోయాయా? దిగివచ్చి, "చూశారుగా, ఏమీ కాలేదు. భయం అబద్ధం, చరిత్ర నిజం" అని చెప్పాను. చప్పట్లు కొట్టినవాళ్లు సమితివాళ్లే. మంగరాజు కొట్టలేదు. చేతులకి మట్టి ఉందన్నాడు.

నడుం దగ్గర ఏదో కుట్టింది. చీమ.

నవంబరు 3

జిల్లా పేజీలో వేశారు. గునపంతో నేను, వెనకాల జనం. మా ఆవిడ ఫణిశ్రీ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ చివర ముసలావిడ ఎవరండీ?"

"అప్పయమ్మ. బొమ్మకి చీర కట్టేది ఆవిడే."

"మీవైపు చూడ్డం లేదు. కింద రోడ్డు వైపు చూస్తోంది."

పాతికేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్న మనిషి, ఫోటోలో జోస్యాలు వెతుకుతోంది. ఆ మాటే అన్నాను. బాక్సు సర్దుకుని బడికి వెళ్లిపోయింది.

నవంబరు 6

అప్పయమ్మ మా ఇంటికి వచ్చింది. ఈతలపాలెం నుంచి రెండు ఆటోలు మారి, ఆనపకాయ పట్టుకుని.

"ఒంట్లో ఎలగుంది బాబూ?"

"బ్రహ్మాండంగా ఉంది."

"రేత్తిరి నిద్ర పడతందా?"

"పడుతోంది."

"కడుపులో ఏటీ అవట్లేదు కదా?"

"ఏమీ లేదమ్మా."

ఆవిడ ముఖం చిన్నబోయింది. చిన్నబోయింది అని ఊరికే రాయడం లేదు, చూశాను గనక రాస్తున్నాను. అరగంట పాటు బౌద్ధం గురించి చెప్పాను. ఓపిగ్గా విని, "సరే బాబూ, మళ్లీ వత్తాను" అంది.

నవంబరు 9, ఆదివారం

పొక్లెయిన్ వచ్చింది. మెట్ట కింద, మంగరాజు జీడితోట గట్టు పక్కనే నిలబెట్టారు. పసుపుపచ్చటి మెడ మడిచి, తొండం నేలకానించి పడుకున్నట్టు ఉంది.

మంగరాజు ఫోను చేస్తే స్కూటరు మీద వెళ్లాను. క్వారీవాళ్ల తరఫున ఊళ్లో పనులు చూసే చిట్టిరాజు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మాస్టారూ, మీకు సన్మానం సెయ్యాలండి. మూడేళ్లు! ఒక్క డ్రైవరు ఎక్కలేదు, ఒక్క కూలీ పలుగు పట్టలేదు. యలమంచిలి నుంచి ఒకణ్ణి తెత్తే, టీకొట్టు కాడ కథ ఇని బండి తిప్పేసేడు. మీరు ఒక్క పూటలో తేల్చేసేరు."

"నేను చేసింది పరిశోధన. మీరు చేస్తున్నది దోపిడీ."

"అయ్యుండొచ్చండి. ఇనుము ఇనుమే కదండి."

డ్రైవరు ఈతలపాలెం వాడే, గంగులు. మూడేళ్లుగా మెట్ట ఎక్కనన్న వాళ్లలో మొదటివాడు. నన్ను కిందా మీదా చూశాడు. పశువుల సంతలో చూసినట్టు. "శుక్రవారం ఊరు కూసుంటాదండి. ఆ యేళకి మీరు ఇలాగే ఉంటే ఎక్కిత్తాను. నాకూ ఇద్దరు పిల్లలు కదా మాస్టారూ" అన్నాడు.

మంగరాజు నా పక్కనే నడిచాడు. తోట దాటాక అన్నాడు.

"తల్లికి భయపడక్కర్లేదన్నారు. ఊరు నమ్మింది. మీ మాట ఊరు నమ్మడం ఇదే మొదలు."

"భూమిని భయం కాపాడకూడదు మంగరాజూ. చట్టం కాపాడాలి."

"సట్టం ఎప్పుడొత్తాదండి?"

"వస్తుంది."

"మిషను వచ్చేసింది."

వాడికి జవాబు చెప్పలేక కాదు నేను ఊరుకున్నది. ఎండగా ఉంది.

రాత్రికి జవాబు తట్టింది. భయంతో కాపాడిన మెట్ట భయం పోగానే పోతుంది. కాబట్టి అది ఎప్పుడూ కాపాడబడి లేదు. నేను పోగొట్టింది ఏదీ లేదు. ఇది తిరుగులేని వాదన. కరపత్రంలో వాడాలి.

నవంబరు 10

ఇటుకల ఫోటోలు ఆఫీసరుకు పంపాను. వెంటనే ఫోను చేశాడు. మంచివాడే. డిసెంబరు రెండోవారం టీముతో వస్తానన్నాడు. "అప్పటిదాకా అది కదలకుండా చూసుకోండి మాస్టారూ, ఆ వరస ఒక్కటి ఉంటే చాలు" అన్నాడు.

ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టాను. లీజు సరైనదే అంటున్నారు. నేను అరిచాను. వాళ్లు మంచినీళ్లు ఇచ్చారు.

నవంబరు 11

ఒళ్లు వెచ్చగా ఉంది. తుపాను గాలులు, ఊరంతా జలుబులు.

నవంబరు 12

వెచ్చదనం కాదు, జ్వరమే. కణతలు పగిలిపోతున్నాయి. రెండు పారాసెటమాల్ వేసుకుని కాలేజీకి వెళ్లి మూడు క్లాసులు చెప్పాను. ఫణిశ్రీకి తెలియనివ్వలేదు. తెలిస్తే వీధికి తెలుస్తుంది, వీధికి తెలిస్తే ఈతలపాలానికి తెలుస్తుంది. నా జ్వరం ఇప్పుడు నా సొంతం కాదు. రాష్ట్రంలో ఈ పూట కొన్ని లక్షలమందికి జ్వరాలుంటాయి, వాళ్లందరూ బోడమ్మ మీద గునపం దించారా?

సాయంత్రం అప్పయమ్మ మళ్లీ వచ్చింది. చెమట కనబడకుండా ఫ్యాను కింద కుర్చీ వేసుకున్నాను.

"ఎలగుంది బాబూ?"

"గుండ్రాయిలా ఉన్నాను."

గడప మీద కూలబడింది.

"ఓ మాట సెప్తాను, ఏటీ అనుకోకండి. మీకు ఏదైనా అయితే బాగుణ్ణు."

"ఏమిటీ?"

"పేణం పోవాలని కాదు బాబూ. ఏ కాలో సెయ్యో. మంచం పడితే సాలు. గంగులు భయపడతాడు, మిషను పోతాది, మెట్ట ఉంటాది. మా అత్త కట్టింది ఆ తల్లికి సీర, నాను కడతన్నాను. రేపు ఏటికి కట్టాలి? గోతికా?"

కోపం రావాలి. వచ్చింది. కానీ ఇంత నిర్మొహమాటంగా నాతో ఎవరూ ఈమధ్య మాట్లాడలేదు. సమితివాళ్లు వాట్సాప్‌లో దణ్ణాలు పెడుతున్నారు.

"నాకేమీ అవ్వదమ్మా" అన్నాను.

"అదే కదా మా ఖర్మ" అంది.

నవంబరు 14, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రామకోవెల అరుగు మీద ఊరంతా. నూట రెండు జ్వరం నాకు. నిలబడితే నేల కొంచెం ఒరుగుతోంది. అరుగుకి చేరగిలబడ్డాను, ఉపన్యాసకుడి ధీమా అనుకుంటారని.

అంతకుముందు, వచ్చే దారిలో గట్లు దాటుతుండగా మంగరాజు నా మణికట్టు పట్టుకున్నాడు. వాడికి తెలిసిపోయింది. "కాలిపోతన్నారు మాస్టారూ! దేవుడిలా వచ్చింది జొరం. ఒక్క మాట సెప్పండి సాలు, ఒంట్లో బాలేదని. నేను బండెక్కించి తీసుకుపోతాను. మెట్ట మిగులుతాది" అన్నాడు. వాడు సంతోషం పట్టలేకపోతున్నాడు. నా జ్వరానికి!

గంగులు లేచాడు. అందరి ముందూ అడిగాడు.

"మాస్టారూ, ఇనుము ఎక్కించి పన్నెండ్రోజులు. మీ ఒంటికి ఏదైనా అయిందా, లేదా?"

ముందు వరసలో చిట్టిరాజు నవ్వుతూ కూర్చున్నాడు. వెనక అప్పయమ్మ, ఊళ్లో ఆడవాళ్లు. వాళ్లు నా ముఖంలోకి చూస్తున్నారు, జవాబు నేను చెప్పకముందే అక్కడ రాసి ఉంటుందన్నట్టు.

అవును అనొచ్చు. జ్వరం నిజమే కదా. కానీ వాళ్లు అడిగింది జ్వరం గురించా? తల్లి నిజమా అబద్ధమా అని అడిగారు. ముప్పై ఏళ్లు వీధి వీధికీ తిరిగి ఏది అబద్ధమని చెప్పానో దాని కింద సంతకం పెట్టమని అడిగారు. ఎవరైనా ఎలా పెడతారు?

"ఏమీ కాలేదు. ఏమీ కాదు కూడా" అన్నాను. గట్టిగానే వినబడింది.

అప్పయమ్మ లేచి చీర దులుపుకుని వెళ్లిపోయింది. వెనకాలే ఆడవాళ్లు.

మధ్యాహ్నం పొక్లెయిన్ తూర్పు వాలు ఎక్కింది. మంగరాజు నా దగ్గర సెలవు తీసుకోలేదు.

సిద్ధాంతంగా నేను చేసింది సరైనదే.

నవంబరు 15

సరైనదే.

నవంబరు 18

ఆసుపత్రి మంచం మీద రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్న మెట్ట దగ్గరికి వెళ్లాను, ఒక్కణ్ణే. తూర్పు అంచు లేదు. ఎర్రమట్టి తెరిచిన గాయంలా ఉంది. బకెట్టు పళ్లకీ ఇటుకల వరసకీ మధ్య బారెడు దూరం ఉందేమో. వెళ్లి ఆ మధ్యలో నిలబడ్డాను. గంగులు పైనుంచి "తప్పుకోండి మాస్టారూ" అని అరవడం గుర్తుంది. నేనేదో సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పడం గుర్తుంది. తర్వాత లేదు.

మంగరాజు చెప్పాడు. బొమ్మ ఎదురుగా పడ్డానట. సరిగ్గా నేను గునపం దించినచోట, మట్టిలో ముఖం పెట్టి. గంగులు మిషను ఆపి, దూకి, తాళం కూడా తియ్యకుండా పరిగెత్తాడట. ఊళ్లో ఆడవాళ్లు ఆపకుండా అరిచారట, ఏడుపో సంతోషమో మంగరాజుకి తెలియలేదట. వాడూ, పక్కతోట రైతూ కలిసి నన్ను బండి మీద మధ్యన కూర్చోబెట్టుకుని తీసుకొచ్చారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై ఉండవు. నా నడుం దగ్గర నల్లటి పెచ్చు చూసి వెంటనే పట్టేసింది. "స్క్రబ్ టైఫస్ అంకుల్. తుప్పల్లో చిన్న పురుగుంటుంది, అది కుడితే వస్తుంది. ఈమధ్య తుప్పలు కొట్టారా, మట్టి తవ్వారా?"

ఫణిశ్రీ నావైపు చూసింది. "తవ్వారు" అంది.

"లేటుగా వచ్చారు. కిడ్నీ మీదికి వచ్చింది. తగ్గుతుంది గానీ, మాత్రలు ఒక్క పూట మానకూడదు. మానితే తిరగబెడుతుంది. అప్పుడు నేను హామీ ఇవ్వలేను."

పురుగు! చూశారా, పురుగు. సైన్సులో దానికో పేరుంది, మందుంది. దీన్నే కరపత్రం వెయ్యాలి: "పట్టుకున్నది తల్లి కాదు, పురుగు." శీర్షిక దొరికింది.

నవంబరు 20

లోకం తలకిందులైంది.

చిట్టిరాజు యాపిల్స్, కొబ్బరిబొండాలు, హార్లిక్స్ తెచ్చాడు. "విశాఖపట్నం తీసుకుపోదామండి, కారు పెడతాను, పెద్ద డాక్టరుకి చూపిద్దాం. మీరు బేగి లేవాలి. మా ఇంట్లో పూజ కూడా చేయించాను." నా ఆరోగ్యం కోసం క్వారీ వాడు పూజ చేయించాడు!

వాడు వెళ్లాక మంగరాజు వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. కొంచెంసేపు సెలైను బాటిలు వైపు చూశాడు.

"ఎప్పుడు పంపుతారంట?"

"రెండు మూడు రోజుల్లో."

"అంత బేగినా?"

మాట జారాక నాలిక్కరుచుకున్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వితే పక్కటెముకలు నొప్పి. తర్వాత నవ్వు ఆగిపోయింది, ఆగాక కూడా వాడు నావైపే చూస్తున్నాడు.

మిషను మెట్ట మీదే ఉందట. మాస్టారు లేచి తిరిగితే ఎక్కుతానన్నాడట గంగులు. లేవకపోతే ఏ డ్రైవరూ ఎక్కడు.

అప్పయమ్మ కూడా వచ్చిందట. వార్డు గుమ్మంలోంచి చూసి, ఫణిశ్రీని "తగ్గిందేటమ్మా?" అని అడిగి, తగ్గిందని విని, లోపలికి రాకుండా వెళ్లిపోయిందట.

"నేనేదో తప్పు చేస్తే పట్టుకున్నట్టు చూసిందండీ" అంది ఫణిశ్రీ. "వాళ్లెవరికీ మీరు బాగుపడటం ఇష్టం లేదు. నాకు భయంగా ఉంది. మనం కొన్నాళ్లు మా తమ్ముడి దగ్గరికి వెళ్లిపోదాం."

పిచ్చి భయం అన్నాను.

నవంబరు 22

ఇంటికి వచ్చాను. కరపత్రం రాశాను, చింపాను. భాష కుదరడం లేదు.

నవంబరు 23, ఆదివారం

మంగరాజుతో గొడవ.

"పడుకోండి చాలు. డిసెంబరులో ఆఫీసరు వచ్చిందాకా. మూలగండి కొంచెం. ఎవరైనా వత్తే దుప్పటి కప్పుకోండి. అంతకన్నా ఏటీ అడగట్లేదు."

"నటించమంటావా?"

"ఊఁ."

"ఒంట్లో బాగుండి బాగాలేదని చెప్పమంటావా? అమ్మవారి పేరుతో జనాన్ని మోసం చేసే బాబాలకీ నాకూ తేడా ఏమిటి అప్పుడు?"

"మీరు మెట్ట కోసం సేత్తారు. ఆళ్లు డబ్బు కోసం సేత్తారు."

"అబద్ధం అబద్ధమే."

"సుక్కల్లో ఉంటారండి మీరు! మెట్ట పోతే బుద్ధుడూ ఉండడు, బోడమ్మా ఉండదు, నా జీడితోటా ఉండదు. మీ నిజం ఒక్కటి ఉంటాది, దాన్ని ఏ గట్టు మీద నిలబెడతారు?"

గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చి, "తప్పయింది మాస్టారూ" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పు లేదు. కానీ నేను నటించను. నా నోటివెంట అబద్ధం రాదు. శుక్రవారం రోజు రామకోవెల దగ్గర ఒకసారి వచ్చింది, అది వేరు, అది వాదన.

నవంబరు 24

చిట్టిరాజు ఫోను. గురువారం ఈతలపాలెంలో నాకు శాలువా కప్పుతారట, మెట్ట కిందే, టెంటు వేసి. నేను నా కాళ్ల మీద నడిచి రావాలి, జనం చూడాలి. "మాస్టారి పరిశోధన కూడా మైకులో చెప్పుకోవచ్చండి, మీ ఇష్టం వచ్చినంతసేపు."

రానన్నాను. "రాకపోయినా ఫర్లేదండి, బజార్లో కనబడినా చాలు. గంగులుని తీసుకొచ్చి చూపిత్తాం. బాగున్నారు కదా?"

"బాగున్నాను" అన్నాను. నిజం అదే అయినప్పుడు ఏం చెప్పను?

నవంబరు 25

పొద్దుటి మాత్ర మరిచిపోయాను. పేపరు చదువుతూ.

రాత్రిది కూడా.

నవంబరు 26

ఫణిశ్రీ బడికి వెళ్తూ మాత్ర, నీళ్లు బల్ల మీద పెట్టి వెళ్లింది. సాయంత్రం వచ్చి వేసుకున్నారా అని అడిగింది. గ్లాసు ఖాళీగా ఉంది కదా అన్నాను. నీళ్లు తాగాను నేను. గ్లాసు ఖాళీ అన్నమాట అక్షరాలా నిజం.

మతిమరుపు ఎక్కువవుతోంది. జ్వరం తర్వాత అలా ఉంటుందని ఎక్కడో చదివాను.

నవంబరు 27, గురువారం

శాలువా సభకు వెళ్లలేదు. ఒళ్లు బరువుగా ఉంది. చలి. ఈ నెలలో నర్సీపట్నంలో చలి మామూలే, కొయ్యూరు కొండల నుంచి గాలి దిగుతుంది. రెండు దుప్పట్లు కప్పుకుంటే ఎవరికైనా ముసలితనం అనిపిస్తుంది.

మాత్రల అట్ట ఎక్కడ పెట్టానో కనబడటం లేదు. వెతకాలి.

మధ్యాహ్నం థర్మామీటరు పెట్టుకున్నాను. నూట రెండు దాటింది. కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టేశాను. ఫణిశ్రీ వచ్చేసరికి లేచి కూర్చోవాలి. ఆవిడకి చెప్పాల్సినంత పెద్ద విషయం కాదు.

నాలుగింటికి చిట్టిరాజు ఫోను. వెనకాల మైకు టెస్టింగు వినబడుతోంది, జనం గోల. "కారు పంపమంటారా మాస్టారూ? గంగులు తాళం పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క ఐదు నిమిషాలు వచ్చి నిలబడండి చాలు. ఎలా ఉన్నారు? స్పీకరు పెట్టేను, ఊరంతా ఇంటంది, సెప్పండి."

జ్వరం తిరగబెట్టింది, లేవలేకపోతున్నాను అన్నాను.

మైకు కాసేపు కీచుమని, ఆగిపోయింది. గోల కూడా ఆగిపోయింది. అంతమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టడం ఫోనులో వినడం నాకిదే మొదలు.

నేను నటించలేదు. నిజమే చెప్పాను.